కారు ప్లగ్గు తీగలు: దోషమును కనుగొను విధము

అర్ధరాత్రివేళ కాన్పు నొప్పులు ప్రారంభమైన తల్లిని ఆసుపత్రికి చేర్చవలసినపుడు, 108 వాహనము వచ్చులోగా ఊరిలోని కారునే బయలుదేరదీయుట పల్లెలలో కలదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో జిల్లా కేంద్రములైనవి. అచ్చట మెకానిక్కులు దొరకుదురు. కాని కృష్ణ ఒడ్డు పల్లెలకును, నల్లమలలోని చెంచు పెంటలకును ఆ పట్టణములు దూరము. దారిలో ఇంజను కుదుపులిచ్చి ఆగిపోయినచో ప్రాణమునకే ముప్పు. ఇట్టి కుదుపునే మెకానిక్కులు ‘మిస్సింగు’ అందురు. దానికి గల కారణములలో ప్లగ్గు తీగల దోషమొకటి. దీనిని కనుగొను విధమును ఇచ్చట వివరించుచున్నాము.

తీగ చేయు పని

బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును కాయిలు వేల వోల్టులకు పెంచును. దానిని తీగ ప్లగ్గునకు చేర్చును. ప్లగ్గు కొనలో నిప్పురవ్వ పుట్టి పెట్రోలు మండును. ఎండకును, ఇంజను వేడికిని తీగపై రబ్బరు పగులును, ఎలుకలును కొరుకును. అప్పుడు విద్యుత్తు ప్లగ్గునకు పోక ప్రక్కనున్న ఇనుమునకు దూకును. లోపలి దారము తెగినచో నిప్పురవ్వ బలహీనమగును. వానలోను, మంచులోను మిస్సింగు హెచ్చుచున్నచో తీగలను అనుమానింపవలెను.

డీజిలు ఇంజనులో ప్లగ్గు తీగలుండవు. 2019లో పల్లె ప్రగతి మొదలైన పిమ్మట పంచాయతీలకు వచ్చిన ట్రాక్టర్లు ఈ కోవకు చెందినవే. పలు క్రొత్త పెట్రోలు కార్లలో ప్రతి ప్లగ్గుపైననే కాయిలుండును. పాత పెట్రోలు కార్లు, పెట్రోలుతో నడచు మందు పిచికారీ యంత్రములు మున్నగువానికే ఈ పరీక్ష అవసరము.

మూడు పరీక్షలు

మొదటిది చూపు. ఇంజను ఆపి, చల్లారిన పిదప తీగలను గుడ్డతో తుడిచి, పగుళ్లు, ఎలుక కాట్లు, నల్లని కాలిన గీతలు, కొనలలో చిలుము ఉన్నవేమో చూడవలెను.

రెండవది చీకటి పరీక్ష. పెట్రోలు కారుట లేదని నిశ్చయించుకొని, రాత్రి ఆరుబయట బండి నిలిపి, ఇంజను నడుపుచు బానెట్టు ఎత్తి చూడవలెను. తీగ వెంబడి నీలిరంగు మెరుపు గాని, టిక్కుటిక్కుమను శబ్దము గాని ఉన్నచో రబ్బరు చెడినదని అర్థము. తీగలపై సన్నని నీటి తుంపర చల్లినచో దాగిన పగులు బయటపడును. తీగను చేతితో తాకరాదు. భుజముపై తువ్వాలు తీసివేసి, ఫ్యానునకు దూరముగా నిలువవలెను. పేస్‌మేకరు ఉన్నవారు దరి చేరరాదు.

మూడవది మల్టీమీటరు పరీక్ష. ఇంజను ఆపి, ఒక్కొక్క తీగనే, రబ్బరు తొడుగు పట్టుకొని ఊడదీసి, రెండు కొనల నడుమ ఓములను కొలువవలెను. తీగలు తారుమారైనచో ఇంజను సరిగా నడువదు; కనుక ఒక తీగను తిరిగి బిగించిన పిమ్మటనే మరియొకటి తీయవలెను. కార్బను దారపు తీగకు అడుగునకు సుమారు 10–12 వేల ఓములకు మించినచో అనుమానింపవలెను. కంపెనీ పుస్తకములోని అంకెయే తుది ప్రమాణము. మెల్లగా వంచునపుడు అంకె ఎగిరిపడినను, ఏమియు రాకున్నను దారము తెగినదే. పై రబ్బరు పగులును మీటరు చూపజాలదు. కనుక చీకటి పరీక్షయు విడువరాదు.

నడుచుచున్న ఇంజను నుండి తీగను ఊడబెరికి నిప్పురవ్వ చూచుట కొందరి అలవాటు. ఇందువలన విద్యుదాఘాతము తగులును, కాయిలును చెడవచ్చును. ఈ అలవాటు మానవలెను.

తీగలు మంచివైనచో ప్లగ్గులను, కాయిలును పరీక్షింపవలెను. ఇట్లు వరుసగా చూచినచో అనవసరముగా సామాను మార్చు ఖర్చు తప్పును. మల్టీమీటరు కొలది వందల రూపాయలకే దొరకును. పంచాయతీ కార్యాలయమున ఒకటి ఉంచి, ఐ.టి.ఐ. చదివిన యువకునకు ఒప్పగించినచో ఊరి వాహనములన్నిటిని వానాకాలమునకు ముందే పరీక్షింపవచ్చును. ఈ విషయమును వచ్చు సమావేశమున చర్చింపుడని సభ్యులను కోరుచున్నాము.