కారంచేడు: ఆవేశం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుంది?

బాపట్ల జిల్లాలో చీరాల పక్కనే ఉంది కారంచేడు. 1985 జూలైలో అక్కడ జరిగింది మన పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పిల్లలకు మాత్రం చాలామందికి తెలియదు. రాజకీయాల్లో ఆవేశం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఈ ఊరి కథ చెప్పుకోవాల్సిందే.

అంతకు మూడేళ్ళు వెనక్కి వెళ్దాం. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా జనం చూసిన మనిషి పాత వ్యాన్ మీద నిలబడి ఊరూరూ తిరిగారు. ఆ బండికి 'చైతన్య రథం' అని పేరు. 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్నది ఆయన నినాదం. ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ ఇష్టం వచ్చినట్టు మారుస్తుంటే జనానికి నిజంగానే కోపం ఉంది. ఆ కోపానికి ఆయన ఒక రూపం ఇచ్చారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. అందులో అంతా ఆర్భాటమే అనుకుంటే పొరపాటు. కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఇళ్ళకు చేరింది. కాబట్టి భావోద్వేగం దానంతట అది చెడ్డది కాదు.

అయితే ఒక ప్రశ్న మిగిలింది. ఆత్మగౌరవం అందరిదీ అన్నారు కదా, ఊరి చివర పల్లెలో ఉండే మనిషికి అది అందిందా?

1985 మార్చి ఎన్నికల్లో ఎన్టీఆర్ మళ్ళీ గెలిచారు. నాలుగు నెలలకు, జూలై 16న, కారంచేడు మాదిగపల్లె వాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర ఇద్దరు భూస్వామి కుటుంబాల కుర్రాళ్ళు పశువుల బకెట్లు కడుగుతున్నారు. నీళ్ళు పాడుచేయొద్దని ఒక దళితుడు అడిగాడు. అతన్ని కొట్టబోతే ఒక దళిత మహిళ చేతిలోని బిందె ఎత్తి అడ్డుకుంది. జరిగింది ఇంతే. మాట్లాడి సర్దుకోగల విషయం. కానీ దాన్ని 'మన పరువు పోయింది' అనుకున్నారు. తెల్లారి జూలై 17న గుంపుగా పల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితులు చనిపోయారు. ఎందరో గాయపడ్డారు. ఆడవాళ్ళ మీద అఘాయిత్యాలు జరిగాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గొడవ ఇద్దరు ముగ్గురి మధ్యది. 'మన' అనే మాట చేరగానే అది రెండు కులాల మధ్య గొడవ అయిపోయింది. గుంపులోకి వచ్చాక అసలేం జరిగిందని అడిగే మనిషే ఉండడు. అడిగినవాణ్ణి పిరికివాడంటారు. గుంపు కోపానికి పశ్చాత్తాపం తర్వాత ఎప్పుడో వస్తుంది, ఈలోపు ప్రాణాలు పోతాయి.

ఇప్పుడు రెండో సగం చూద్దాం. బతికినవాళ్ళు చీరాల వెళ్ళి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వాళ్ళకూ దుఃఖం ఉంది, కోపం ఉంది. కానీ ఆ కోపం కత్తి పట్టి ఇంకో పల్లె మీదికి పోలేదు. శిబిరం పెట్టారు. న్యాయం జరగాలని ధర్నాలు చేశారు. ఆ పోరాటంలోంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వాళ్ళతో దళిత మహాసభ పుట్టింది. తర్వాత నాలుగేళ్ళకు, 1989లో, ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం కోసం దేశమంతా పెరిగిన ఒత్తిడిలో కారంచేడు పేరు కూడా ఉంది. కేసు మాత్రం 2008 డిసెంబరు దాకా సాగింది. అప్పుడు గానీ సుప్రీం కోర్టు తీర్పు రాలేదు. అంటే 23 ఏళ్ళు! టీవీలో ఒక పూట కనిపించే ఆవేశంతో ఇంత దూరం నడవలేం. కాగితాలు దాచుకోవాలి, సాక్షులకు అండగా నిలవాలి, వాయిదా వాయిదాకూ పోవాలి.

మరి ఇదంతా మనకెందుకు అంటారా? ఈరోజు చెరువు గట్టు మన జేబులోనే ఉంది. ఫోన్‌లో ఒక వీడియో వస్తుంది. ఎక్కడిదో, ఏ ఏడాదిదో తెలియదు. 'మన వాళ్ళని కొట్టారు' అని కింద రాసి ఉంటుంది. అలాంటిదే మరో వీడియో అవతలి వాళ్ళ ఫోన్లలోనూ తిరుగుతూ ఉంటుంది. రెండు వైపులా రక్తం మరుగుతుంది. దానిమీద ఓట్లు ఏరుకునేవాళ్ళు వేరే ఉంటారు.

వార్త వస్తే ముందు నిర్ధారించుకోమని, తెలియకుండా ఎవరికైనా హాని చేసి తర్వాత బాధపడొద్దని సూరా హుజురాత్ మనకు నేర్పింది. దాన్ని ఇంట్లో ఆచరించడం కష్టమేమీ కాదు. వీడియో వస్తే ఫార్వర్డ్ చేసే ముందు మూడు అడగండి: ఎక్కడ? ఎప్పుడు? ఎవరు చూశారు? జవాబు లేకపోతే అక్కడితో ఆపేయండి. అన్యాయం నిజంగానే జరిగిందని తేలితే ఊరుకోవద్దు. ఫిర్యాదు రాసివ్వండి, ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోండి, వకీలును కలవండి, బాధితులు ఏ మతం వాళ్ళయినా పక్కన నిలబడండి.

రాత్రి అన్నాల దగ్గర పిల్లలకు కారంచేడు కథ ఒకసారి చెప్పండి. బిందె ఎత్తిన ఆ తల్లి గురించీ చెప్పండి, చీరాల శిబిరం గురించీ చెప్పండి.