బ్రౌజర్ మార్చినంత మాత్రాన ఆఫీసుకు కనపడకుండా పోరు

"బ్రేవ్ బ్రౌజర్ వేసుకో, అందులో ఏం చేసినా ఐటీ వాళ్లకి తెలీదు." మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఈ మాట నోటినోటా తిరుగుతోంది. కొత్తగా చేరిన పిల్లలకు సీనియర్లే చెబుతున్నారు. చెప్పేది రోజంతా కోడ్ రాసేవాళ్లు కాబట్టి వినేవాళ్లు మారుమాట లేకుండా నమ్మేస్తున్నారు. అలా నమ్మి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే సొంత జీమెయిల్ తెరిచి, తర్వాత ఇంటర్వ్యూలకు పనికొస్తాయని ప్రాజెక్టు ఫైళ్లు తమ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, చివరికి హెచ్‌ఆర్ ముందు తలదించుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. నోటీస్ పీరియడ్ చివర్లో రిలీవింగ్ లెటర్ ఆగిపోయినవాళ్లు ఉన్నారు. చాలామందికి అది మొదటి ఉద్యోగం. ఆ జీతం మీద చదువు అప్పు కిస్తీ నడుస్తుంటుంది, ఇంటి దగ్గర అమ్మానాన్న ఎదురుచూస్తుంటారు. ఒక తప్పుడు సలహాకు ఇంత మూల్యం కట్టాల్సిన పని లేదు.

అపోహ: ప్రైవసీ బ్రౌజర్‌లో చేసేది కంపెనీకి కనపడదు.

కనపడుతుంది. బ్రేవ్ అయినా, ఫైర్‌ఫాక్స్ అయినా, డక్‌డక్‌గో అయినా అడ్డం పడేది మీకూ వెబ్‌సైట్లకూ మధ్య. ఒక సైట్‌లో చూసిన వస్తువు పది సైట్లలో ప్రకటనగా వెంటపడకుండా ట్రాకర్లను ఆపుతాయి. ఆ పని అవి బాగానే చేస్తాయి. మీకూ మీ ల్యాప్‌టాప్ యజమానికీ మధ్య మాత్రం ఏ బ్రౌజరూ అడ్డం పడలేదు. ఆ యంత్రం మీద నడిచే వంద ప్రోగ్రాముల్లో బ్రౌజర్ కూడా ఒకటి, అంతే. కంపెనీ ల్యాప్‌టాప్ మన చేతికి వచ్చేసరికే అందులో సాధారణంగా సెక్యూరిటీ ఏజెంట్ అనే నిఘా ప్రోగ్రామ్ ఉంటుంది. అది పనిచేసేది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర. ఏ ప్రోగ్రామ్ తెరిచారు, అది ఏ ఫైలును తాకింది, ఆ ఫైలు ఎక్కడికి పోయింది అన్నది అక్కడే నమోదవుతుంది.

కంపెనీ డేటా బయటికి పోకుండా కాపలా కాసే డీఎల్‌పీ సాఫ్ట్‌వేర్ పంపే అలర్ట్ ఒక్కటి చూస్తే ఈ భ్రమ వదిలిపోతుంది. అది ఒకే ఒక వరుస. అందులో ల్యాప్‌టాప్ నంబరు, ఎంప్లాయీ ఐడీ, సెకన్లతో సహా సమయం, ఫైలు పేరు, సైజు, అది వెళ్లిన వెబ్ చిరునామా ఉంటాయి. పక్క గడిలో ఆ పని చేసిన ప్రోగ్రామ్ పేరు కూడా ఉంటుంది: బ్రేవ్ డాట్ ఈఎక్స్‌ఈ. దాక్కోవడానికి ఎంచుకున్న బ్రౌజర్ పేరే సాక్ష్యంలోకి ఎక్కుతుంది. సోర్స్ కోడో, క్లయింట్ పేరో, కార్డు నంబర్లలాంటి అంకెలో ఫైల్లో ఉన్నట్టు సాఫ్ట్‌వేర్ పసిగడితే చాలు, మనిషి ఎవరూ కూర్చుని చూడకపోయినా అలర్ట్ దానంతటదే పోతుంది. అనుమతి లేని బ్రౌజర్‌ను ఇన్‌స్టాల్ చేయడమే చాలాచోట్ల పాలసీ ఉల్లంఘన. పైగా విచారణలో అది పొరపాటులా కనిపించదు, కావాలని దాచినట్టు కనిపిస్తుంది. అదే ఫైలు క్రోమ్‌లో పంపినవాడికి ఉండే కాస్త సానుభూతి కూడా ఇక్కడ దొరకదు.

"హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, మధ్యలో ఎవరు చదువుతారు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. మీ ల్యాప్‌టాప్‌లోనే చూసుకోండి. ఏదైనా సైట్ తెరిచి, అడ్రస్ బార్‌లో ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్ వివరాల్లోకి వెళ్లండి. దాన్ని జారీ చేసింది ఎవరో అక్కడ రాసి ఉంటుంది. అక్కడ మీ కంపెనీ పేరో, కంపెనీ వాడే సెక్యూరిటీ ప్రాక్సీ పేరో కనిపిస్తే మీ ట్రాఫిక్‌ను దారిలో విప్పి చూస్తున్నారని అర్థం. ల్యాప్‌టాప్‌లో కంపెనీ ముందే తన రూట్ సర్టిఫికెట్ వేసి ఉంచింది కనుక బ్రౌజర్ దాన్ని నమ్ముతుంది, హెచ్చరిక కూడా చూపించదు. బ్రేవ్ చూపించేదీ అదే సర్టిఫికెట్టే. బ్యాంకులు, ఆసుపత్రుల సైట్లను ఈ తనిఖీ నుంచి మినహాయించే కంపెనీలు చాలానే ఉన్నాయి. మీ కంపెనీ ఆ పని చేసిందో లేదో చూసుకోకుండా జీతం ఖాతా తెరవకండి.

ఇంట్లో సొంత వైఫై మీద పనిచేస్తే తప్పించుకోవచ్చని ఇంకో నమ్మకం. ఏజెంట్ ఉన్నది ల్యాప్‌టాప్‌లో, మీరు వరంగల్‌లో కూర్చున్నా అమలాపురంలో కూర్చున్నా దానికి ఒకటే.

ఇన్‌కాగ్నిటో సంగతి వేరే చెప్పాలా? ఆ కిటికీ తెరవగానే వచ్చే మొదటి పేజీలోనే మీ యజమానికి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకు, మీరు చూసే సైట్లకు మీ పని కనపడొచ్చని రాసి ఉంటుంది. కొన్ని వాక్యాలే. ఎవరూ చదవరు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా తమను ట్రాక్ చేస్తోందని గూగుల్ మీద వినియోగదారులు అమెరికాలో 2020లో దావా వేశారు. 2024 ఏప్రిల్‌లో బయటికొచ్చిన ఒప్పందం ప్రకారం వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. అంటే అన్నాళ్లూ అవి ఉన్నాయనే కదా.

టార్ వాడేవాళ్లు తాము ఇంకో మెట్టు పైన ఉన్నామనుకుంటారు. టార్ గట్టి సాధనమే. మూడు మజిలీల మీదుగా ట్రాఫిక్ పంపి, అవతలి సైట్‌కు మీరెవరో తెలియకుండా చేస్తుంది. అయితే మీరు టార్ వాడుతున్నారన్న సంగతి మీ నెట్‌వర్క్‌కు తెలుస్తుంది. 2013 డిసెంబరులో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి టార్ ద్వారా బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. మెయిల్ ఎవరిదో దారి వెంట ఎవరూ కనిపెట్టలేదు. అతను క్యాంపస్ వైఫై మీద టార్ తెరిచిన సంగతి యూనివర్సిటీ రికార్డుల్లో దొరికింది, వెళ్లి అడిగితే ఒప్పుకున్నాడు. ఆఫీసు నెట్‌వర్క్‌లో టార్ తెరవడమంటే చెయ్యెత్తి మరీ పిలవడమే.

అపోహ: ప్రైవసీ బ్రౌజర్ ఉంటే నా వివరాలు బయటికి పోవు.

ఈ మాట కనీసం సైబరాబాద్‌లో ఉన్నవాళ్లు అనకూడదు. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. ఏప్రిల్ మొదటి రోజున ఇంకొకరు దొరికారు. ఈసారి అతని దగ్గరున్నది 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం. విద్యార్థులు, జీఎస్టీ కట్టేవాళ్లు, రవాణా శాఖ రికార్డులు, ఆన్‌లైన్ కొనుగోలుదారులు, అన్నీ వర్గాలుగా విడగొట్టి పెట్టి ఉన్నాయి. ఆ సమాచారమంతా మనం ఎక్కడెక్కడో నమ్మి ఇచ్చినదే. ఫారం నింపింది క్రోమ్‌లోనా ఫైర్‌ఫాక్స్‌లోనా అన్నదాని వల్ల ఒక్క వరుస కూడా తగ్గేది కాదు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల సొంత హాక్ ఐ యాప్ డేటానే చోరీకి గురైంది. జనం భద్రత కోసం వేసుకున్న యాప్ అది.

అంతకంటే బాధ కలిగించేది 2020 డిసెంబరు. లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా ఉన్నాడు. ఆ యాప్‌లకు ఆయుధమైంది ఫోన్‌లోని కాంటాక్ట్స్ జాబితా. అప్పు కావాలన్న ఆత్రంలో "అలో" నొక్కిన ఒక్క అనుమతితో బంధువుల, సహోద్యోగుల నంబర్లన్నీ వాళ్ల చేతికి పోయాయి. పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు తాకకూడదని గూగుల్ ప్లే నిబంధన అమల్లోకి వచ్చేసరికి 2023 మే అయింది. బయట లింకులతో వచ్చే ఏపీకే ఫైళ్లకు ఆ నిబంధన ఈనాటికీ వర్తించదు. మీ ఫోన్‌లో ఎంత మంచి బ్రౌజర్ ఉన్నా, సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ అనుమతి ఏయే యాప్‌లకు ఉందో ఒకసారి చూసుకోకపోతే ఆ బ్రౌజర్ ఉండీ లాభం లేదు.

అపోహ: బ్రేవ్ వేస్తే ఫోన్ వేగం పెరుగుతుంది, డేటా మిగులుతుంది.

దీన్ని కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను కానీ కుదరదు. ఫోన్ వేగం పెరగదు గానీ పేజీలు త్వరగా తెరుచుకునే మాట నిజం. ప్రకటనల స్క్రిప్టులు అసలు డౌన్‌లోడే కానప్పుడు డేటా మిగలడమూ నిజమే. ఇంకో మేలు కూడా ఒప్పుకోవాలి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికితే పైన ప్రకటన రూపంలో మోసగాళ్ల సైట్ రావడం మనకు కొత్త కాదు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ స్వయంగా, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని జనానికి చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ప్రకటనలు ఆపే బ్రౌజర్ వేసిపెట్టడం ఈ ఒక్క కారణానికైనా మంచి పనే.

మిగతా అపోహలు పెద్దగా చర్చించాల్సినవి కావు. తాళం గుర్తు ఉంటే మంచి సైట్ అనుకోవద్దు, దొంగ సైట్లకూ తాళం ఉంటుంది, అందుకే క్రోమ్ 2023లో ఆ గుర్తే తీసేసింది. హిస్టరీ చెరిపితే మీ ఫోన్‌లో పోతుంది, అవతలి సర్వర్‌లో పోదు. కుకీలు తీసేస్తే గుర్తుపట్టలేరన్నదీ తప్పే. 2010లోనే డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్‌ఎఫ్ పరీక్షించిన బ్రౌజర్లలో నూటికి 83 పైగా ఫాంట్లు, స్క్రీన్ సైజు, ప్లగిన్ల కలయికతోనే విడిగా దొరికిపోయాయి. ఇక వీపీఎన్: కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించాక పేరున్న కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఉచితంగా దొరికేవాటికి మీ ట్రాఫిక్ మొత్తం అప్పగించడం కంటే ఊరికే ఉండడం మేలు.

ఈ బ్రౌజర్ కంపెనీలు పులుకడిగిన ముత్యాలనీ అనుకోవద్దు. అడ్రస్ బార్‌లో క్రిప్టో ఎక్స్ఛేంజ్ బైనాన్స్ పేరు కొడితే బ్రేవ్ తన రెఫరల్ కోడ్ తగిలించడం 2020లో బయటపడింది, సీఈఓ బ్రెండన్ ఐక్ క్షమాపణ చెప్పి తీసేశారు. డక్‌డక్‌గో బ్రౌజర్ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లను కొన్నింటిని వదిలేస్తోందని 2022 మేలో ఒక పరిశోధకుడు పట్టుకుంటే ఆగస్టులో సరిదిద్దారు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఆదాయంలో సింహభాగం గూగుల్ నుంచే వస్తుంది. అయినా నా లెక్కలో ఇవి క్రోమ్ కంటే మేలే. తప్పు దొరికినప్పుడు సరిదిద్దుకున్నాయి, ట్రాకర్ల థర్డ్ పార్టీ కుకీలను మనం అడగకుండానే అడ్డుకుంటున్నాయి. గూగుల్ వాటిని తీసేస్తానని ఏళ్ల తరబడి చెప్పి 2024 జులైలో వెనక్కి తగ్గింది. సొంత ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్, దానికి ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఈ జంట పనిచేస్తుంది. సెట్టింగ్స్ జోలికి వెళ్లే ఓపిక లేకపోతే బ్రేవ్ చాలు.

ఆఫీసు యంత్రం మీద మాత్రం ఆఫీసు పనే చేయండి. సొంత పనులకు సొంత ఫోన్, సొంత మొబైల్ డేటా వాడండి. ఆఫీసు బ్రౌజర్‌లో సొంత గూగుల్ ఖాతాతో సింక్ ఆన్ చేస్తే, దాచుకున్న పాస్‌వర్డ్‌లూ, ఇంటి హిస్టరీ మొత్తమూ కంపెనీ యంత్రంలోకి దిగుతాయి. ఈ రోజే చూసుకుని తీసేయండి. ఫోన్‌లో ఆఫీసు మెయిల్ కావాలంటే ఆండ్రాయిడ్ వర్క్ ప్రొఫైల్ ఒప్పుకోవచ్చు, మీ సొంత యాప్‌లలో ఏముందో దాని ద్వారా కంపెనీకి కనపడదు. ఫోన్ మొత్తం అదుపులోకి ఇమ్మంటే ఇంకో ఫోన్ అడగండి. హాస్టల్‌కు, అద్దె ఇంటి బ్రోకర్‌కు ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఎవరినో సలహా అడుగుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పటికే ఆఫీసు ఫైలు సొంత డ్రైవ్‌లోకి పంపి భయపడుతున్నవాళ్లకు ఒక మాట. దాన్ని గుట్టుగా చెరిపేయకండి, బ్రౌజర్ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. పంపిన రికార్డు ఎలాగూ ఉంది, చెరిపిన రికార్డు కూడా దానికి తోడవుతుంది. ఆ ఫైలు ఎవరికీ షేర్ చేయకుండా అలాగే ఉంచి, అలర్ట్ రాకముందే మేనేజర్‌కు మెయిల్‌లో రాతపూర్వకంగా చెప్పండి, ఏం చేయమంటారో అడిగి అదే చేయండి.