అయిదు బంతులు... ఎవరు వేయాలి?

క్రికెట్‌లో కొత్తగా ఓవర్ అందుకున్న బౌలర్ మిడాఫ్‌లోని ఫీల్డర్‌కి ఒకటి రెండు బంతులు విసిరి చేయి సరిచూసుకోవడం టీవీలో చూస్తూనే ఉంటాం. ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అదే సాఫ్ట్‌బాల్‌లో అయితే ఆ బంతులకూ లెక్కుంది. టైముతో సహా!

1887లో షికాగోలో నాలుగు గోడల మధ్య కాలక్షేపంగా పుట్టిన ఆట ఇది. పేరులో ‘సాఫ్ట్’ ఉందని బంతి మెత్తగా ఉంటుందనుకోకండి. పిచర్ చేతిని గిర్రున తిప్పి కిందినుంచి విసురుతుంది. మహిళల పోటీల్లో బ్యాటర్ వైపు దూరం 43 అడుగులే. చేయి బిగుసుకుపోయి ఉన్నప్పుడు బలంగా విసిరితే భుజం దెబ్బతినొచ్చు, బంతి అదుపు తప్పి బ్యాటర్‌కి తగలొచ్చు. అందుకే ఈ సన్నాహక బంతులు.

నిబంధన ఏం చెబుతోంది?

అమెరికాలో యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ నిబంధన ప్రకారం ప్రతి అర్ధ ఇన్నింగ్స్ మొదట్లో, లేదా పిచర్ మారినప్పుడు అయిదు బంతులకు మించి వేయకూడదు. అదీ నిమిషంలోపే. మించితే ఒక్కోదానికి ఒక ‘బాల్’ బ్యాటర్ ఖాతాలో పడుతుంది. అలాంటివి నాలుగైతే బ్యాటర్ హాయిగా నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి వెళ్లిపోవచ్చు! పిచింగ్ వదిలేసి అదే అర్ధ ఇన్నింగ్స్‌లో మళ్లీ వస్తే ఆ అయిదూ ఉండవు.

మరి చిక్కెక్కడ?

పిచర్ బేస్ మీద ఉండగానే మూడో ఔట్ పడిందనుకోండి. ఆమె హెల్మెట్ తీసి, గ్లౌజు తొడుక్కునేలోగా నిమిషం కరిగిపోతుంది. ఆలోగా మరో అమ్మాయి వచ్చి ఆ అయిదూ వేసేయొచ్చా? ‘వద్దని ఎక్కడుంది?’ అంటారు కొందరు కోచ్‌లు. ‘బంతులు ఇచ్చింది పిచర్‌కి, ఆమె చేయి వేడెక్కడానికి. ఇంకొకరు వేస్తే ప్రయోజనమేంటి?’ అన్నది రెండో వాదన. నిబంధన ఉద్దేశం చూస్తే రెండోదే సబబు. బ్యాటర్‌కి బంతి వేయాల్సిన చేయే సిద్ధం కావాలి కదా! పైగా వేరే అమ్మాయి వేసినవీ ఆ అయిదులో కలిపేస్తే, అసలు పిచర్ సన్నాహం లేకుండానే ఆట మొదలెట్టాలి. అందుకే అనుభవమున్న కోచ్‌లు ఆటకు ముందే అంపైర్‌ని అడిగి స్పష్టత తెచ్చుకుంటారు.

చేయి విలువ తెలియాలంటే జపాన్ పిచర్ యుకికో ఉయెనోని చూడాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లాడి 413 బంతులు వేసి స్వర్ణం తెచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో ఆరో ఇన్నింగ్స్‌లో బంతిని మియు గోటోకి అప్పగించి, ఏడో ఇన్నింగ్స్‌లో తిరిగొచ్చి మ్యాచ్ ముగించింది. అప్పటికి ఆమె వయసు 39!

అమెరికాలో మీ మనవరాలో మేనకోడలో సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే, ‘ఎన్ని రన్లు కొట్టావ్?’ అని అడిగే ముందు ఒక్క మాట అడగండి... ‘చేయి వేడెక్కాకే బంతి వేశావా, తల్లీ?’ అని.