పదహారేళ్ళు వచ్చేదాకా

మనవాళ్ళు అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు ముందు స్కూలు రేటింగు చూస్తారు, ఆ తర్వాత తూర్పు ముఖమా కాదా అని చూస్తారు. ఆ ఇంట్లోంచి పిల్లవాడు తనంతట తాను నడిచి ఎక్కడికి వెళ్ళగలడని మాత్రం ఎవరూ అడగరు. చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్ళు నిండితే గాని డ్రైవింగ్ లైసెన్సు రాదు. అందాకా స్నేహితుడింటికి వెళ్ళాలన్నా అమ్మో నాన్నో డ్రైవరు కావలసిందే.

దీనికి మూలం చాలావరకు వీధుల అమరికలో ఉంది. మన సబర్బుల్లో కల్-డి-శాక్‌లు ఎక్కువ. కంప్యూటరు భాషలో చెప్పాలంటే అదొక ‘ట్రీ’. ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదికి పోవాలంటే కొమ్మ వెంట మొదలుదాకా దిగి మళ్ళీ ఎక్కాలి. పెరడు ఆనుకుని ఉన్న ఇంటికే మైలు చుట్టు! అదీ కార్లు దూసుకుపోయే పెద్ద రోడ్డు మీదుగా. ‘నగరం చెట్టు కాదు’ అని క్రిస్టఫర్ అలెగ్జాండర్ 1965లోనే రాశాడు. మన ప్రోగ్రామర్లు డిజైన్ పాటర్న్స్ నేర్చుకున్నది ఈయన ఆలోచనల నుంచే.

నిజానికి కల్-డి-శాక్ చెడ్డదేమీ కాదు. 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ కట్టినప్పుడు ఇళ్ళ వెనక కాలిబాటలు, పార్కులు పెట్టారు, పిల్లలు రోడ్డు దాటకుండా కింద నుంచి దారి వేశారు. తర్వాతి బిల్డర్లు చాలామంది కల్-డి-శాక్‌ను ఉంచుకుని కాలిబాటను వదిలేశారు.

ట్రాఫిక్ సంగతి డొనాల్డ్ యాపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో లెక్కగట్టాడు. రోజుకు 2,000 వాహనాలు పోయే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులుంటే, 16,000 పోయే వీధిలో ఒక్కరు కూడా లేరు, 0.9. పిల్లలు పెద్దల కాపలా లేకుండా తిరిగి ఆడుకోవడం దశాబ్దాలుగా తగ్గిపోవడమే వాళ్ళ దిగులుకు ముఖ్య కారణాల్లో ఒకటని పీటర్ గ్రే బృందం 2023లో వాదించింది. అదే అసలు కారణమని రుజువైందనలేం గాని, తీసిపారేయదగ్గ మాటా కాదు.

ఆర్నెల్లుండడానికి వచ్చిన మన అమ్మానాన్నలు ‘జైల్లో ఉన్నట్టుందిరా’ అని పైకే అంటారు. పద్నాలుగేళ్ళవాడు అనడు, గది తలుపేసుకుంటాడు. మనం ఫోన్ని తిడతాం. స్నేహితులుండేది ఆ ఫోన్లోనే మరి!

ఇల్లు చూడబోయేముందు మ్యాపులో కారు బొమ్మ బదులు నడిచే మనిషి బొమ్మ నొక్కి చూడండి. లైబ్రరీకి ఎంతసేపు? పార్కుకి? ఇప్పటికే కొన్నవాళ్ళు హోమ్ ఓనర్స్ అసోసియేషన్ మీటింగుకి వెళ్ళి, రెండు కల్-డి-శాక్‌ల మధ్య ఓ కాలిబాట అడగొచ్చు. ఒంటరిగా పంపితే ఎవరైనా పోలీసులకు ఫోన్ చేస్తారేమోనన్న భయం మనవాళ్ళలో ఉంది. పిల్లలు ఒంటరిగా నడిచి స్కూలుకో పార్కుకో వెళ్ళినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదని యూటా 2018లో చట్టం చేసింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ చేశాయి. మీ రాష్ట్రంలో ఏముందో ఒకసారి కనుక్కోండి.