మీకు తెలుసా? ‘స్కిల్’ ఎప్పుడు ఒకటి, ఎప్పుడు పది

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ తగులుతుంది. గుజరాత్ హీరా బోర్స్ వారి జెమ్ అండ్ జ్యువెలరీ పార్క్ ఉన్నది ఇక్కడే. ఇంకా ముందుకు పోతే హజీరాలో ఉక్కు, ఎరువుల కర్మాగారాలు. సూరత్ తెలుగువాళ్లకు కొత్త ఊరు కాదు. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నగరపాలక సంస్థ వాళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఇలాంటి పారిశ్రామిక ఊళ్లలో ఉద్యోగానికి పెట్టే ప్రతి బయోడేటాలోనూ కనిపించే ఇంగ్లీషు మాట ఒకటుంది: స్కిల్. చిన్న మాటే, వాక్యంలో పెట్టేటప్పుడు మాత్రం చాలామంది తడబడతారు. దాని సంగతులు, దాని పక్కన వాడే మాటల సంగతులు కొన్ని చూద్దాం.

◆ ‘స్కిల్’ ఇంగ్లీషులో పుట్టిన మాట కాదు. సముద్రం దాటి బ్రిటన్‌కు వచ్చిన వైకింగుల భాష నుంచి అందులో కలిసింది. ఆ పాత నార్స్ భాషలో దానికి అర్థం తేడా, అంటే ఒకదాన్నించి ఇంకొకదాన్ని విడదీసి గుర్తుపట్టడం. ఇంగ్లీషులో కూడా మొదట్లో వివేకం అన్న అర్థంలోనే వాడారు. చేతిపనిలో నేర్పు అన్న అర్థం తర్వాత వచ్చింది.

ఆ పాత అర్థం వజ్రాల పనిలో ఇప్పటికీ బతికే ఉంది. వజ్రానికి విలువ కట్టేది నాలుగింటిని బట్టి: క్యారెట్లలో బరువు, రంగు, స్వచ్ఛత, కోత. రంగు, స్వచ్ఛత చాలావరకు రాయితోపాటు భూమిలోంచి వచ్చేవి. కోత పూర్తిగా మనిషి పని. గుండ్రని బ్రిలియంట్ కోతలో 57 ముఖాలుంటాయి, అడుగున చిన్న ముఖం కూడా చెక్కితే 58. ఏ కోణం కాస్త తప్పినా లోపలికి వెళ్లిన వెలుతురు కంటికి తిరిగి రాకుండా అడుగునుంచి జారిపోతుంది. లేజర్లు, కంప్యూటర్లు వచ్చాక కూడా ఏ రాయిని ఎక్కడ కోస్తే తరుగు తగ్గుతుందో తేల్చడానికి తర్ఫీదు పొందిన కన్ను కావాలి. సూరత్‌లో ఈ పనివాళ్లను ఒకప్పుడు ‘హీరా ఘసు’ అనేవారు, అంటే వజ్రాలు రుద్దేవాళ్లని. ఇప్పుడు ‘రత్నకళాకార్’ అంటున్నారు. ఆ గౌరవం వాళ్లకు ఎప్పుడో దక్కవలసింది.

◆ రాయిని చూసి విడదీసే ఈ నేర్పులో దక్కన్ పిల్లలు ఎంత గట్టివాళ్లో 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాసిపెట్టాడు. గనుల దగ్గరి ఊళ్లో పది నుంచి పదిహేను, పదహారేళ్ల వర్తకుల పిల్లలు పొద్దున్నే చెట్టుకింద చేరేవారట. ఒక పక్క వజ్రాలు తూచే రాళ్ల సంచి, ఇంకో పక్క డబ్బు సంచి. ఎవరైనా రాయి తెస్తే పెద్ద పిల్లవాడు చూసి పక్కవాడికి అందిస్తాడు. ఒక్కమాట లేకుండా అది అందరి చేతులూ తిరిగి మళ్లీ మొదటివాడి దగ్గరికి వస్తుంది. అప్పుడే బేరం మొదలు. సాయంత్రం ఆ రోజు కొన్న రాళ్లను నీరు (అంటే తళుకు), బరువు, స్వచ్ఛతను బట్టి వేరుచేసి పెద్ద వర్తకులకు అమ్మేవారు. లాభం అందరికీ సమానం, పెద్దవాడికి మాత్రం రవ్వంత ఎక్కువ. ‘స్కిల్’కు పుట్టుకతో ఉన్న అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ చెట్టుకింది పిల్లల్నే చూపిస్తాను.

◆ ఇక వ్యాకరణం. ‘స్కిల్’ను ఇంగ్లీషులో రెండు రకాలుగా వాడతారు. మొత్తంగా నేర్పు అని చెప్పేటప్పుడు అది లెక్కకు అందదు, బహువచనం తీసుకోదు: ‘ఇట్ టేక్స్ స్కిల్ టు పాలిష్ ఎ డైమండ్’. ఇక్కడ ముందు ‘ఎ’ పెట్టకూడదు. నేర్చుకున్న ఫలానా పని అని చెప్పేటప్పుడు అది లెక్కకు వస్తుంది: ‘వెల్డింగ్ ఈజ్ ఎ యూజ్‌ఫుల్ స్కిల్’, ‘షి హాజ్ ద రైట్ స్కిల్స్ ఫర్ ద జాబ్’. తెలుగులో ‘నేర్పు’కు బహువచనం లేదు, ‘పని’కి ఉంది. ఇంగ్లీషువాళ్లు ఈ రెండు మాటల బరువునూ ఒక్క దానిమీదే పెట్టారు కనుక మనకు తికమక. వాక్యంలో ‘నేర్పు’ సరిపోతే ఏకవచనం, ‘వచ్చిన పనులు’ సరిపోతే బహువచనం అనుకుంటే చాలావరకు తప్పు రాదు.

◆ ఈ తేడా ప్రభుత్వాలు పెట్టిన పేర్లలోనూ కనిపిస్తుంది. 2015 జులై 15న మొదలైన కేంద్ర కార్యక్రమం ‘స్కిల్ ఇండియా’, ఏకవచనం. తెలంగాణలో 2024లో వచ్చింది ‘యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ’, బహువచనం. ఐక్యరాజ్యసమితి జులై 15ను ప్రకటించింది ‘వరల్డ్ యూత్ స్కిల్స్ డే’గా. అన్నీ సరైనవే.

◆ ‘స్కిల్ ఆఫ్ వెల్డింగ్’ అని బయోడేటాల్లో తరచు రాస్తారు. ‘స్కిల్ ఇన్ వెల్డింగ్’ అనడమే సాఫీ, ‘ఎట్’ అన్నా ఒప్పే. ‘ఐ యామ్ హావింగ్ గుడ్ స్కిల్స్’ మాత్రం ఒప్పు కాదు, ‘ఐ హావ్’ అంటే చాలు.

◆ ‘ఎక్స్‌పర్టీజ్’కు బహువచనం లేదు. దాని చివర ‘ఈజ్’ అనే పలకాలి. మన దగ్గర ‘టైజ్’ అని స్థిరపడిపోయింది.

◆ ఉద్యోగంలో గడించిన అనుభవానికి ‘ఎక్స్‌పీరియన్స్’ ఏకవచనంలోనే ఉంటుంది: ‘ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’. ‘ఎక్స్‌పీరియన్సెస్’ అంటే జీవితంలో ఎదురైన ఘటనలు.

◆ ‘టాలెంట్’ పాత గ్రీకులో ఒక తూకం. ఏథెన్స్ కొలత ప్రకారం దాదాపు 26 కిలోలు. అంత బరువు వెండిని డబ్బుగా లెక్కించేవారు. బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యజమాని దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున ఇచ్చి వెళ్లే కథ వల్ల ఆ మాటకు ‘దేవుడిచ్చిన శక్తి’ అన్న అర్థం వచ్చింది. తెలుగు బైబిల్లో ఇదే మాట ‘తలాంతు’. చర్చిలో బాగా పాడే పిల్లను తలాంతు ఉన్న పిల్ల అంటారు. కాలేజీలో టాలెంట్ ఉందంటారు. రెండూ ఒకే మాట, వేరువేరు దారుల్లో మనదాకా వచ్చాయి. పుట్టుకతో వచ్చింది టాలెంట్, సాధనతో వచ్చింది స్కిల్. ఒకదాని చోట ఇంకోటి రాస్తే ఏళ్ల తరబడి పడిన కష్టం ఆ వాక్యంలో కనిపించకుండా పోతుంది.

◆ ‘స్కిల్డ్’, ‘స్కిల్‌ఫుల్’ ఒకటి కావు. శిక్షణ పొందిన మనిషి ‘స్కిల్డ్ వర్కర్’. చేస్తున్న పనిలో చేయి తిరిగినతనం కనబడితే ‘స్కిల్‌ఫుల్’. ఈ రెండోదాన్ని బ్రిటిష్‌వాళ్లు నడుమ ఒకే ‘ఎల్’తో, అమెరికన్లు రెండు ‘ఎల్’లతో రాస్తారు.

‘స్కిల్డ్’ అన్న మాటకు జీతంతో కూడా సంబంధం ఉంది. 2019 వేతనాల కోడ్ కనీస వేతనానికి పనివాళ్లను అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని చూస్తుంది. బరువు మోసేవాడి పనిలో నేర్పు లేదని నేను ఒప్పుకోను. మూట ఎలా ఎత్తితే నడుము నిలుస్తుందో అతనికి తెలుసు. కానీ చట్టం రాసిన మాట అది, చేతికొచ్చే డబ్బు దాన్నిబట్టి కూడా మారుతుంది. అందుకే నియామక పత్రం మీద సంతకం పెట్టే ముందు ఆ నాలుగింటిలో మిమ్మల్ని దేనిలో చేర్చారో చదువుకోండి.

ఇచ్ఛాపూర్‌కైనా ఇంకెక్కడికైనా దరఖాస్తు రాసేటప్పుడు ‘గుడ్ స్కిల్స్’ అని వదిలేయకండి. మీకు ఏ పని వచ్చో దాని పేరు రాయండి, ఎన్నేళ్లు చేశారో రాయండి. వచ్చిన పనులు నాలుగైతే నాలుగూ రాయండి.