మందుపొడిలోని అమరిక

హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ మండలంలో రావల్కోల్ అనే గ్రామం ఉన్నది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన ఈ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం నేడు ఔషధ పరిశోధనకు నెలవైనది. 1999లో జీనోమ్ వ్యాలీకి అంకురార్పణ జరిగిన తరువాత శామీర్‌పేట సమీపంలోని తుర్కపల్లి పరిసరాలలో ప్రయోగశాలలు వెలిశాయి. ఇటువంటి ప్రయోగశాలలలో అంతగా ప్రచారానికి నోచుకోని ఉద్యోగం ఒకటున్నది. మందుపొడిని ఎక్స్-కిరణాలతో పరీక్షించడమే ఆ ఉద్యోగం.

ఎక్స్-కిరణాలు అనగానే విరిగిన ఎముక ఛాయాచిత్రం మనకు స్ఫురిస్తుంది. ఇక్కడ జరిగేది అది కాదు. ఒక పదార్థంలో అణువులు ఏ వరుసలో పేరుకొని ఉన్నాయో తెలుసుకొనడం ఈ పరీక్ష ప్రయోజనం. పటికబెల్లమూ చక్కెరే, తిరునాళ్లలో అమ్మే పీచుమిఠాయీ చక్కెరే. మొదటిదానిలో అణువులు క్రమంగా అమరి స్ఫటికమైనాయి. రెండవదానిలో చిందరవందరగా ఉన్నాయి. అందుకే పీచుమిఠాయి నాలుక మీద పెట్టగానే కరుగుతుంది, గాలిలోని తేమ తగిలితే చెడుతుంది. మందుల విషయంలోనూ ఇంతే. పైగా ఒకే మందు రెండు మూడు విధాలైన స్ఫటికాలుగా ఏర్పడవచ్చు. దీనిని బహురూపకత అంటారు. మనమెరిగిన పారాసిటమాల్‌కు సైతం ఒకటికి మించిన రూపాలున్నాయి. రూపం మారితే కరిగే గుణం మారుతుంది. కరగని మందు కడుపులోకి వెళ్లినా రక్తంలోకి చేరదు.

ఈ తేడా కంటికి కనబడదు. రెండు పొడులూ తెల్లగానే ఉంటాయి. రాగి నుండి వెలువడే ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. స్ఫటికంలోని పొరల మధ్య దూరాలు కూడా ఇంచుమించు ఆ కొలతలోనివే కనుక కిరణాలు కొన్ని నిర్దిష్ట కోణాలలో మాత్రమే బలంగా వివర్తనం చెందుతాయి. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు నిరూపించిన సూత్రమిది. 1915లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించినప్పుడు కుమారుని వయస్సు 25 సంవత్సరాలు! కోణాన్ని బట్టి కిరణ తీవ్రతను గ్రాఫుగా గీస్తే ప్రతి స్ఫటికరూపానికీ తనదైన శిఖరాల వరుస కనిపిస్తుంది. స్ఫటికం కాని పొడికి శిఖరాలుండవు, ఒక వెడల్పాటి దిబ్బ మాత్రమే ఉంటుంది.

యంత్రం గ్రాఫును దానంతట అదే గీస్తుంది కదా, పరిశోధకునికి పనేమిటని అనిపించవచ్చు. అసలు కష్టం అంతకుముందే ఉన్నది. పొడిని కల్వంలో గట్టిగా నూరితే ఆ ఒత్తిడికే కొన్ని మందుల రూపం మారిపోతుంది. నూరకుంటే పలకల వంటి స్ఫటికాలన్నీ ఒకే వైపుకు వాలి శిఖరాల ఎత్తులను తారుమారు చేస్తాయి. స్వల్ప పరిమాణంలో కలిసిన రెండవ రూపం గ్రాఫులో దాగిపోవచ్చు. వీటిని గుర్తించే నేర్పు పుస్తకం కంటె అనుభవం వల్లనే ఎక్కువగా అలవడుతుంది.

ఈ జాగ్రత్త ఎందుకో రిటోనావిర్ ఉదంతం తెలుపుతుంది. ఎయిడ్స్ రోగుల కొరకు అబట్ సంస్థ 1996లో విడుదల చేసిన మందు ఇది. 1998లో దాని క్యాప్సూళ్లు కొన్ని కరిగే పరీక్షలో విఫలమైనాయి. లోపలి ద్రావణం నుండి అంతవరకు ఎవరూ చూడని కొత్త స్ఫటికాలు పేరుకొన్నాయని సూక్ష్మదర్శిని, ఎక్స్-కిరణ పరీక్షలు బయటపెట్టాయి. కొత్త రూపం చాలా తక్కువగా కరుగుతుంది. దాని కణాలు చేరిన చోటల్లా పాత రూపాన్ని తయారుచేయడమే కష్టమైనది. క్యాప్సూళ్ల సరఫరా నిలిచిపోయింది. రోగులు రుచికి సహించని ద్రవ ఔషధాన్ని మింగవలసి వచ్చింది. 1999లో కొత్త క్యాప్సూల్ వచ్చేవరకు ఈ అవస్థ తీరలేదు. మందు అణువులో మార్పేమీ లేదు, మారినది అమరిక మాత్రమే.

స్ఫటికాల అధ్యయనానికి హైదరాబాదులో గట్టి పునాదే ఉన్నది. ఆచార్య గౌతమ్ దేశిరాజు 1979 నుండి 2009 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, స్ఫటిక నిర్మాణ శాస్త్రంలో ప్రపంచఖ్యాతి పొందారు. 1989లో వెలువడిన ఆయన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైనది. ఈ విద్య న్యాయస్థానం దాకా వెళ్లిన సందర్భమూ ఉన్నది. రక్తక్యాన్సరు మందు ఇమాటినిబ్ మెసిలేట్ యొక్క బీటా స్ఫటికరూపానికి నోవార్టిస్ సంస్థ కోరిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నిరాకరించింది. ఒక అమరికకు ఇంత విలువా అని ఆశ్చర్యం కలుగుతుంది. క్యాన్సరు మందు ధర దానిమీద ఆధారపడినప్పుడు ఆశ్చర్యపడనవసరం లేదు.

మందు తయారైన తరువాత కూడా ఎక్స్-కిరణ పరీక్షతో పని ఉంటుంది. నమూనాలను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి, మధ్యమధ్య తీసి మళ్లీ ఎక్స్-కిరణాలకు గురిచేస్తారు. కొత్త గ్రాఫును మొదటి రోజు గ్రాఫు మీద పరచి చూస్తారు. లేని చోట ఒక చిన్న శిఖరం మొలిచినదా, నమూనాను మళ్లీ సిద్ధం చేసి పరీక్షిస్తారు. అప్పటికీ అది కనిపిస్తే కారణం తేలేవరకు ఆ మందు ముందుకు కదలదు.