కాలు కదిలిందా, లేదా?

తొరపాడిలో సాయంకాలం పూట మన ఇండ్ల పిల్లలు బంతి చంకన పెట్టుకొని పోతూ ఉంటే చూచి సంతోషించడమే గాని, ఆ ఆటలోని కిటుకులు మాకు తెలియవు. చెడుగుడు అయితే అరుగుమీద కూర్చునే తీర్పు చెప్పగలము. బాస్కెట్ బాల్ సంగతి అట్లా కాదు. ఆ మధ్య ఒక పందెంలో వచ్చిన తగవు మూలాన దాని నియమాలు కూర్చుని చదువవలసి వచ్చింది.

తగవు ఇది. మా మనుమరాలి జట్టు ఒక్క పాయింటు వెనుకబడి ఉన్నది. ఆట ముగియడానికి ఇంకా ఆరేడు సెకండ్లు. మనుమరాలు పోయి, బంతి పట్టుకొన్న తన జట్టు పిల్లను వెంబడిస్తున్న అమ్మాయి దారిలో అడ్డంగా నిలిచింది. ఆ అమ్మాయి వచ్చి ఈమెను గుద్దుకొన్నది. ఇంతలో బంతి వలలో పడింది. మేమంతా లేచి చప్పట్లు కొట్టాము. ఈల అంతకు ముందే ఊదారట, ఆ సందడిలో మాకు వినబడలేదు. రిఫరీ పిడికిలి ఎత్తి ఫౌల్ అన్నారు. పాయింట్లు చెల్లలేదు, బంతి అవతలివారికి పోయింది. "గుద్దింది వాళ్ల పిల్ల, తప్పు మన పిల్లదా?" అని మాలో ఒక పెద్దాయన కేకలు వేశారు. నిజం చెప్పవలెనంటే, మేమూ ఒక కేక వేశాము.

ఇట్లా దారిలో నిలవడాన్ని స్క్రీన్ అంటారు. అది తప్పు కాదు. అయితే తాకిడి జరిగే క్షణాన నిలిచినవారు కదలకుండా, రెండు పాదాలూ నేలమీద ఆన్చి ఉండాలి. అప్పుడు గుద్దుకొన్నవారిదే తప్పు. ఎదుటివారు నిలబడి చూస్తూ ఉంటే ఎంత దగ్గరగానైనా నిలవవచ్చు, తాకకూడదు. వెనుకనుంచి వచ్చి నిలిస్తే, తిరిగి ఒక అడుగు వేసేటంత చోటు విడవాలి. పరుగెత్తేవారికైతే ఆగడానికో తప్పుకోవడానికో ఒకటి రెండు అడుగుల ఎడం ఇవ్వాలి. మామూలు అడుగు అన్నారే గాని, ఇన్ని అంగుళాలని లేదు. పొడుగు పిల్ల అడుగూ పొట్టి పిల్ల అడుగూ ఒకటేనా? పాదం ఆగిందా, భుజం వాలిందా అన్నది రెప్పపాటులో తేల్చాలి. పైగా బంతి మరొక చోట ఉంటుంది. మనందరి చూపూ దానిమీదనే.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించినప్పుడు రాసినవి పదమూడే నియమాలు. భుజంతో తోయరాదు, పట్టుకోరాదు, నెట్టరాదు అన్నారు గాని, స్క్రీన్ మాట వాటిలో లేదు. అయినా ఆయన బంతిని చూడడానికి ఒకరిని, మనుషులను చూడడానికి ఇంకొకరిని పెట్టారు. ఆ ముందుచూపు మాకు నచ్చింది. అదే స్ప్రింగ్‌ఫీల్డులో చదువుకొన్న హ్యారీ బక్ దొర 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపించారు. మన దక్షిణాది పాఠశాలలకు ఎందరో వ్యాయామోపాధ్యాయులు అక్కడ తయారైనారు.

ఈ తగవు మన వీధికే వచ్చిందనుకోనక్కర లేదు. 2024 ఏప్రిల్ 5న క్లీవ్‌లాండులో అమెరికా మహిళా కళాశాలల సెమీఫైనలు జరిగింది. అయోవా 70, కనెక్టికట్ 69. ఇంకా 3.9 సెకండ్లు ఉన్నాయి. బంతి కనెక్టికట్ చేతిలో ఉండగా, వారి ఆలియా ఎడ్వర్డ్స్ పెట్టిన స్క్రీన్ చెల్లదని ఈల ఊదారు. బంతి అయోవాకు పోయింది, చివరకు 71-69తో వారే గెలిచారు. కాలు కదిలిందని కొందరు, అంతటి ఆటను అట్లా ముగించవచ్చునా అని కొందరు, చాలా రోజులు వాదించుకొన్నారు. అక్కడి వృత్తి ఆటగాళ్ల సంఘమైన ఎన్.బి.ఏ. 2015 నుంచి, హోరాహోరీ ఆటల చివరి రెండు నిమిషాలలో ఏ ఈల సరియైనది, ఏది కాదు అని మరునాడు ప్రకటిస్తున్నది. తప్పని తేలినా ఫలితం మారదు. ఓడినవారికి అదేమి ఓదార్పో మాకు అర్థం కాలేదు.

చివరి క్షణాన ఈల మింగివేయవలెననే వాదం మాకు సమ్మతం కాదు. మొదటి నిమిషంలో తప్పైనది చివరి నిమిషంలోనూ తప్పే. కాని మొదటి నిమిషంలో ఊదారా?

మనుమరాలు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉన్నది. రిఫరీని నాలుగు మాటలంటే దానికి ఊరట కలుగుతుందనుకొని మొదలుపెట్టాము. అది తల ఎత్తలేదు.

"లేదు తాతా, కాలు కదిలింది. నాకు తెలుసు. మొదటినుంచీ అట్లాగే కదులుతున్నది. పదిసార్లైనా నిలిచి ఉంటాను. అప్పుడెవరూ ఊదలేదే? ఊది ఉంటే సరిచేసుకొని ఉందును గదా."

మా దగ్గర జవాబు లేకపోయింది. అమ్మమ్మ వచ్చి పెరుగు వడ్డించింది.

మరుసటి ఆదివారం మళ్లీ ఆట. కేకలు వేసిన పెద్దాయన తువాలు భుజాన వేసుకొని మాకంటె ముందే వచ్చి కూర్చున్నారు. ఈమారు ఇద్దరమూ పిల్లల పాదాలనే చూస్తూ కూర్చున్నాము. బంతి ఎన్నిసార్లు వలలో పడిందో ఇంటికి వచ్చి మనుమరాలిని అడిగి తెలుసుకొన్నాము.